పక్క గదికి ఫైలు పంపాలంటే ఊరంతా తిప్పాలా?

మన హైదరాబాద్ ఇళ్ళలో హాల్లో ఉన్న డెస్క్‌టాప్ నుంచి బెడ్‌రూమ్‌లోని ల్యాప్‌టాప్‌కి ఫైలు ఎలా వెళ్తుందో ఒకసారి గమనించండి. చిన్నదైతే వాట్సాప్‌లో తమకు తామే పంపుకుంటారు. కాస్త పెద్దదైతే గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి అవతల దించుకుంటారు. మరీ పెద్దదైతే పెన్‌డ్రైవ్ కోసం సొరుగులన్నీ గాలిస్తారు. మొదటి రెండు పద్ధతుల్లోనూ ఆ ఫైలు ఇల్లు దాటి, వీధి స్తంభం మీద వేలాడే ఫైబర్‌లో పడి, ఎక్కడో ఉన్న సర్వర్‌కి చేరి, మళ్ళీ అదే ఫైబర్‌లో వెనక్కి వస్తుంది. రెండు కంప్యూటర్ల మధ్య దూరం చూస్తే పదిహేను అడుగులు ఉండదు. పైగా రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి, అంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి దారి ఇప్పటికే ఉంది.

ఆ దారిని వాడుకోకపోవడానికి కారణం బద్ధకం కాదు. చాలామంది ఒకసారి ప్రయత్నించి, ఏదో ఎర్రర్ వచ్చి, విసుగెత్తి వదిలేసినవాళ్ళే. మా అపార్ట్‌మెంట్‌లో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే కుర్రాడు ఒకడున్నాడు. అతనూ, అతని భార్యా రెండు గదుల్లో రెండు కంప్యూటర్ల మీద ఆల్బమ్ పని చేసుకుంటారు. "అన్నా, నెట్ రెండింట్లో మస్తు వస్తుంది. గానీ దీంట్ల నుంచి అది కనిపిస్తలేదు, ఎందుకు?" అని లిఫ్టు దగ్గర అడిగాడు. చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది. నెట్ వస్తోంది కాబట్టి కంప్యూటర్ కూడా కనిపించాలి అని అతని లెక్క. కానీ నెట్ పంచుకోవడం వేరు, ఫైళ్ళు పంచుకోవడం వేరు. మొదటిది రౌటర్ పని. వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాక మీరెవరో దానికి అనవసరం. రెండోది ఆ రెండు కంప్యూటర్లూ తమలో తాము తేల్చుకోవాల్సిన పని. అక్కడ అడుగుతున్నది ఎవరు, వాళ్ళకి హక్కుందా లేదా అన్నదే అసలు సంగతి. ఈ రెండింటినీ విడదీసి చూస్తే ఏ ఎర్రర్ ఏ వైపు నుంచి వస్తోందో తెలిసిపోతుంది.

నెట్ వైపు సంగతి

ఇది తేలిక కాబట్టి ముందు దీన్ని ముగించేద్దాం. ఇంటర్నెట్‌లో ప్రతి పరికరాన్నీ గుర్తుపట్టడానికి వాడే నంబర్లనే చిరునామాలంటారు, ఐపీవీ4 అనే పద్ధతిలో అవి మొత్తం సుమారు 429 కోట్లు. ప్రపంచంలోని ఫోన్లకీ, టీవీలకీ, కంప్యూటర్లకీ అవి ఎటూ చాలవు. అందుకే 1990ల మధ్యలో మూడు శ్రేణులను ఇళ్ళలో, ఆఫీసుల్లో లోపలి వాడకానికి విడిగా పెట్టారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. మీ ఇంట్లోనూ 192.168.1.5 ఉండొచ్చు, ఎదురింట్లోనూ అదే ఉండొచ్చు. బయటి ఇంటర్నెట్‌లో ఆ నంబర్లు చెల్లవు కాబట్టి గొడవ లేదు.

ఈ లోపలి నంబర్లను పంచిపెట్టేది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ. బయటికి వెళ్ళే ప్రతి అభ్యర్థననూ తన ఒక్క చిరునామాతో పంపి, జవాబు రాగానే అది ఏ కంప్యూటర్‌దో చూసి అందించేది నాట్. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ లాంటిదే ఇది. పార్సిల్ మీద బిల్డింగ్ పేరొక్కటే ఉన్నా, ఏ ఫ్లాట్ వాళ్ళు తెప్పించారో అతని దగ్గర రాసి ఉంటుంది. ఎవరూ తెప్పించనిది వస్తే లోపలికి పంపడు. బయటివాళ్ళు నేరుగా మన కంప్యూటర్ తలుపు తట్టలేకపోవడానికి ఒక కారణం అదే.

రౌటర్లు ఇంత చవక కానప్పుడు ఈ పనిని కంప్యూటరే చేసేది. 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అని ఒక సదుపాయం పెట్టారు. మోడెమ్ ఉన్న కంప్యూటర్ నెట్‌కి డయల్ చేస్తే, దానికి కేబుల్‌తో కలిపిన ఇంకో కంప్యూటర్ కూడా అదే కనెక్షన్ వాడుకునేది. మొదటిది ఆఫ్ చేస్తే రెండోదానికీ నెట్ పోయేది.

ఆ పాత సదుపాయం ఇప్పటికీ విండోస్‌లో ఉంది. ఇళ్ళలో దాని అవసరం పెద్దగా లేదు గానీ, అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్ళలో ఉండేవాళ్ళకి పనికొస్తుంది. అక్కడ చాలాచోట్ల వైఫైకి కనెక్ట్ కాగానే లాగిన్ పేజీ వస్తుంది, ఒక్కో మనిషికి ఒక్క డివైస్ అంటారు. విండోస్ 10, 11లో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ విభాగంలో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తే, ల్యాప్‌టాప్ తనకొచ్చే నెట్‌ని ఎనిమిది డివైస్‌ల వరకు పంచుతుంది. రెండో కంప్యూటర్‌కి వైఫై లేకపోతే కేబుల్ మీదుగా కూడా ఇవ్వొచ్చు. నెట్‌వర్క్ కనెక్షన్స్ కిటికీలో నెట్ వస్తున్న అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, షేరింగ్ ట్యాబ్‌లో టిక్ పెడితే సరి. అవతలి కంప్యూటర్‌కి 192.168.137తో మొదలయ్యే చిరునామా వచ్చిందంటే పని అయినట్టే. హాస్టల్ వాళ్ళు దీనికి ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి, తర్వాత మాట పడటం ఎందుకు.

ఫోన్‌తో నెట్ వాడేవాళ్ళకి ఇంకా సులువు. ఫోన్ హాట్‌స్పాట్‌కి రెండు కంప్యూటర్లూ కలిస్తే చాలు, ఆ కాసేపు ఫోనే రౌటర్.

ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు

ఫైళ్ళ దగ్గరికి వెళ్ళేముందు, ఈ మధ్య నేను తరచూ చూస్తున్న ఒక ఇబ్బంది గురించి చెప్పాలి. బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళు వచ్చి గుమ్మం దగ్గర చెప్పుల స్టాండ్ పైన ఓఎన్‌టీ, అంటే ఫైబర్ వచ్చి చేరే రౌటర్ పెట్టె, బిగించి వెళ్తారు. ఫైబర్ ఎక్కడ లోపలికి వస్తే అదే దాని చోటు. చివరి గదికి సిగ్నల్ అందదు. అప్పుడు ఇంటాయన ఇంకో రౌటర్ కొని, ఓఎన్‌టీ నుంచి కేబుల్ లాగి, కొత్త రౌటర్‌లో రంగు వేరుగా ఉన్న వాన్ పోర్టులో, అంటే బయటి నెట్ కోసం ఉన్న పోర్టులో, పెడతాడు. సిగ్నల్ బ్రహ్మాండంగా వస్తుంది, అందరూ సంతోషిస్తారు.

కానీ అక్కడ జరిగింది ఏమిటంటే, ఒక నెట్‌వర్క్ లోపల ఇంకో నెట్‌వర్క్ తయారైంది. హాల్లో డెస్క్‌టాప్ 192.168.1.5, బెడ్‌రూమ్‌లో ల్యాప్‌టాప్ 192.168.0.12. రెండో రౌటర్ కూడా నాట్ చేస్తోంది. దాంతో ఒక వింత కనిపిస్తుంది: లోపలి రౌటర్ కింద ఉన్న ల్యాప్‌టాప్ నుంచి నంబర్ కొడితే హాల్లో డెస్క్‌టాప్ అందుతుంది, డెస్క్‌టాప్ నుంచి మాత్రం ల్యాప్‌టాప్ అందదు. "ఇటు నుంచి వస్తోంది, అటు నుంచి రావట్లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఇంట్లో రౌటర్లు ఎన్ని అనే.

తెలుసుకోవడం కష్టం కాదు. రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి, ఐపీవీ4 అడ్రస్ అన్న వరుస చూడండి. మామూలుగా ఇళ్ళలో నంబర్‌లోని మొదటి మూడు భాగాలు రెండింట్లోనూ ఒకటిగా ఉండాలి. తేడా ఉంటే రెండు నెట్‌వర్క్‌లు ఉన్నట్టు. 169.254తో మొదలైతే రౌటర్ ఏ నంబరూ ఇవ్వలేదని, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అలాంటప్పుడు ముందు కేబుల్‌నీ, వైఫైనీ చూసుకోవాలి, షేరింగ్ సెట్టింగుల జోలికి పోనక్కర్లేదు.

మందు కూడా చిన్నదే. కొత్త రౌటర్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే దాన్ని ఎంచుకోండి. లేకపోతే దాని డీహెచ్‌సీపీ ఆపేసి, మొదటి రౌటర్‌తో ఢీకొనని చిరునామా దానికి ఇచ్చి, కేబుల్‌ని వాన్ పోర్టు నుంచి తీసి, ఇంట్లోని కంప్యూటర్ల కోసం ఉండే మామూలు లాన్ పోర్టులో పెట్టండి. ఇక అది రౌటర్‌గా కాకుండా సిగ్నల్ ఇచ్చే పెట్టెగా మాత్రమే పనిచేస్తుంది. మనకి కావలసిందీ అంతే.

ఒకే రౌటర్ ఉన్నా కనిపించకపోతే, ఒక కంప్యూటర్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. చుట్టాల ఫోన్లకని పెట్టిన ఆ వైఫై పని నెట్ ఇవ్వడమే. పక్క డివైస్‌లను చూడనివ్వకపోవడం దాని స్వభావం. కొన్ని రౌటర్లలో ఏపీ ఐసొలేషన్ అనే టిక్ పెట్టి ఉన్నా ఇదే ఫలితం.

ఫైళ్ళ వైపు సంగతి

విండోస్ ఫైళ్ళు పంచుకునే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. దీని మూలాలు 1980ల ఐబీఎంలో ఉన్నాయి. లినక్స్‌లో సాంబా అనే పేరుతో అదే పద్ధతి నడుస్తుంది. మ్యాక్ కూడా 2013 నుంచి దీన్నే ముందుకు తెచ్చింది. అంటే ఒక ఇంట్లో విండోస్ డెస్క్‌టాప్, మ్యాక్‌బుక్ ఉన్నా భాష సమస్య రాదు. తగవంతా గుర్తింపు, అనుమతుల దగ్గరే.

ఎవరింట్లో చూసినా ఇరుక్కునే చోట్లు దాదాపు ఇవే.

మొదటిది నెట్‌వర్క్ పబ్లిక్‌గా ఉండటం. కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ దాన్ని బయటి నెట్‌వర్క్ కిందే లెక్క వేస్తుంది. కాఫీ షాపుల్లో, మెట్రో స్టేషన్లలో అది మంచి జాగ్రత్తే. ఇంట్లో మాత్రం అడ్డం. వైఫై ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ నెట్‌వర్క్ అని మార్చాలి. రెండు కంప్యూటర్లలోనూ మార్చాలి. తర్వాత అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయాలి.

రెండోది అసలైన తలనొప్పి. అవతలి కంప్యూటర్ మీద డబుల్ క్లిక్ చేయగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతూ ఒక పెట్టె వస్తుంది. మా ఫోటోగ్రాఫర్ ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. రోజూ కంప్యూటర్ తెరవడానికి కొట్టే నాలుగంకెల పిన్ కొట్టాడు, తీసుకోలేదు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తప్పంది. వైఫై పాస్‌వర్డ్ కూడా కొట్టి చూశాడు పాపం. ఇందులో అతని పొరపాటేమీ లేదు. పిన్ అనేది ఆ ఒక్క కంప్యూటర్ ముందు కూర్చుని తెరవడానికే, నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్ళకి అది చెల్లదు. ఆ పెట్టె అడిగేది మీరు కూర్చున్న కంప్యూటర్ పాస్‌వర్డ్ కాదు, ఫైళ్ళున్న అవతలి కంప్యూటర్‌లోని ఖాతా పాస్‌వర్డ్. ఆ ఖాతా మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే ఈమెయిల్, దాని పూర్తి పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామందికి అది గుర్తే ఉండదు, కంప్యూటర్ కొన్నరోజు షాపతను పెట్టిచ్చినది. కొన్ని కంప్యూటర్లలో మొదటి నుంచీ పిన్‌తోనే తెరుస్తూ ఉంటే, సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోదు. అప్పుడు ఆ కంప్యూటర్‌ని ఒకసారి పిన్ కాకుండా పాస్‌వర్డ్‌తో తెరవాల్సి ఉంటుంది. అసలు పాస్‌వర్డే లేని ఖాతా అయితే విండోస్ నెట్‌వర్క్ మీదుగా ససేమిరా రానివ్వదు.

ఈ తంటా అంతా తప్పించుకోవడానికి నేను చేయించేది ఒకటే. ఫైళ్ళున్న కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్‌తో సంబంధం లేని మామూలు లోకల్ ఖాతా ఒకటి పెట్టండి. పేరు ఇల్లు అనో, మీ ఇష్టమొచ్చినది. దానికి ఒక పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆ ఖాతాతో ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చోరు, అది ఫైళ్ళ పంపకానికే. రెండో కంప్యూటర్‌లో ఆ పెట్టె వచ్చినప్పుడు మొదటి కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఆ ఖాతా పేరు కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చి, గుర్తుపెట్టుకో అన్న టిక్ పెట్టండి. మళ్ళీ అడగదు. ఇంట్లో ఎవరి పిన్, ఎవరి ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పనక్కర్లేదు, అది ఇంకో సుఖం.

యూట్యూబ్‌లో చాలామంది దీనికి బదులు పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆపేసి, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేయమంటారు. నాకది నచ్చదు. ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఎంతమంది దగ్గరుందో ఆలోచించండి. పైగా కొత్త విండోస్‌లో ఆ దారి మూసుకుపోతోంది. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశం మామూలుగా ఆపేసి ఉంటుంది, ప్రతి సంభాషణకీ డిజిటల్ సంతకం కూడా ఉండాలంటుంది. రౌటర్ వెనక పెట్టిన హార్డ్‌డిస్క్ నిన్నటిదాకా తెరుచుకుని, అప్‌డేట్ అయ్యాక తెరుచుకోకపోతే అనుమానించాల్సింది దీన్నే. ఆ రౌటర్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టే వీలుంటే పెట్టండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేయండి. విండోస్‌లో భద్రత తగ్గించడం ఆఖరి మాటగా ఉండాలి.

మూడోది అనుమతుల గందరగోళం. కంప్యూటర్ కనిపిస్తుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఫోల్డర్ కనిపిస్తుంది, తెరవబోతే మీకు అనుమతి లేదంటుంది. ఎందుకంటే ఒక ఫోల్డర్‌కి రెండు రకాల అనుమతులుంటాయి. నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్ళకి వర్తించే షేర్ అనుమతి ఒకటి, డిస్క్ మీద ఆ ఫోల్డర్‌కే ఉండే ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతి ఇంకొకటి. రెండింట్లో ఏది కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ అన్న బటన్ మొదటి అనుమతినే మారుస్తుంది. రెండోది సెక్యూరిటీ ట్యాబ్‌లో విడిగా ఉంటుంది. అందుకే "ఎవ్రీవన్‌కి ఇచ్చినా రావట్లేదు" అనే ఫిర్యాదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, గివ్ యాక్సెస్ టు అన్న దారిలో వెళ్ళి ఆ లోకల్ ఖాతాను చేరిస్తే విండోస్ రెండు అనుమతులూ ఒకేసారి సర్దుతుంది. ఇంటి అవసరానికి అదే మేలు. చూడటానికి మాత్రమే అయితే రీడ్, మార్చడానికీ అయితే రీడ్/రైట్. మొత్తం సీ డ్రైవ్‌ని షేర్ చేయకండి. డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి దాన్ని ఒక్కదాన్నే షేర్ చేయండి.

ఇవన్నీ చేశాక కూడా నెట్‌వర్క్ అన్నచోట అవతలి కంప్యూటర్ పేరు కనిపించకపోవచ్చు. కంగారు పడొద్దు. పేర్లు కనిపించడానికి వేరే యంత్రాంగం ఉంది, అది మొదటి నుంచీ నమ్మకస్తురాలు కాదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైన చిరునామా వరుసలో \\192.168.1.5 అని నేరుగా కొట్టండి, నంబర్ మీ ఇంటిది వేసుకోండి. తెరుచుకుంటే అంతా బాగున్నట్టే. ఆ నంబర్ ఎప్పుడో ఒకప్పుడు మారిపోకుండా రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అన్నచోట ఆ కంప్యూటర్‌కే కట్టబెట్టేస్తే, ఫోల్డర్‌ని మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్‌తో జెడ్ డ్రైవ్‌గా పెట్టుకుని మరిచిపోవచ్చు. ఫైళ్ళున్న కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్తే జెడ్ డ్రైవ్ మీద ఎర్ర గుర్తు పడుతుంది, పవర్ సెట్టింగ్స్‌లో ఆ సమయం పెంచుకోవాలి.

పాత వ్యాసాల్లో హోమ్‌గ్రూప్ పెట్టుకోమని సలహా కనిపిస్తే పక్కన పెట్టేయండి. విండోస్ 7తో వచ్చిన ఆ సదుపాయాన్ని 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు. నిజానికి అది ఇళ్ళకి బాగానే ఉండేది.

ఎంత వేగం?

ఒక పెళ్ళి ఫోటోలు, వీడియోలు కలిపి 40 జీబీ అనుకుందాం. గూగుల్ ఉచితంగా ఇచ్చేదే 15 జీబీ కాబట్టి డ్రైవ్‌లో అసలు పట్టదు. డబ్బు కట్టి చోటు కొన్నా, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఎక్కించడానికి దాదాపు గంట, దించుకోవడానికి ఇంకో గంట. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. నెట్ వాళ్ళు చెప్పేది బిట్లలో, విండోస్ కాపీ కిటికీ చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే కాపీ కిటికీలో సెకనుకి 12 ఎంబీ కూడా దాటదు.

ఇంట్లో రెండు కంప్యూటర్లూ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) కేబుల్ మీద ఉంటే సెకనుకి సుమారు 110 ఎంబీ వస్తుంది. అదే 40 జీబీ ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది. అవతల పాత హార్డ్‌డిస్క్ ఉంటే కాస్త ఎక్కువ పట్టొచ్చు. మీ నెట్ ప్లాన్ 40 ఎంబీపీఎస్ అయినా ఈ వేగంలో తేడా రాదు, డేటా లెక్కలోకీ రాదు. ఈ ఒక్క విషయం తెలియక, ఇంట్లో ఫైళ్ళు త్వరగా కాపీ అవుతాయని ప్లాన్ పెంచుకున్నవాళ్ళున్నారు.

వైఫై మీద అయితే వేగం ఇల్లును బట్టి, గోడలను బట్టి ఉంటుంది. రెండూ వైఫై మీదే ఉంటే ప్రతి ముక్కా రెండుసార్లు గాల్లో ప్రయాణించాలి, పంపే కంప్యూటర్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి అవతలిదానికి ఇంకోసారి. ఒకే ఛానల్ కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. కనీసం ఒక్కదానికి కేబుల్ పెట్టినా తేడా కళ్ళకి కనిపిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద, చుట్టూ ఇరవై ఇళ్ళ వైఫైలున్న మన అపార్ట్‌మెంట్లలో, పెద్ద ఫైళ్ళ పని పెట్టుకోకపోవడమే మంచిది. 5 గిగాహెర్ట్జ్ నయం, గోడలు దాటడంలో మాత్రం బలహీనం.

కేబుల్ పెట్టినా వేగం రాలేదంటే ఆ కేబుల్ చివర చూడండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి నాలుగే చాలు. ప్లగ్గు బిగించేటప్పుడు (క్రింపింగ్ అంటారు) మిగతా నాలుగింట్లో ఒక్క తీగ సరిగ్గా తగలకపోయినా నెట్ ఆగిపోదు, గుట్టుచప్పుడు కాకుండా 100కి దిగిపోతుంది. యూట్యూబ్ బాగానే నడుస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఫోటోగ్రాఫర్ ఇంట్లో తేలింది ఇదే. పారదర్శకంగా ఉండే ఆ చిన్న ప్లగ్గుని వెలుతురులో పెట్టి చూస్తే గోధుమ రంగు తీగ చివరిదాకా వెళ్ళనే లేదు, మిగతా ఏడు బంగారు పళ్ళ కింద సరిగ్గా కూర్చున్నాయి. సెట్టింగ్స్‌లో ఈథర్నెట్ లింక్ స్పీడ్ చూస్తే 100/100 అని ఉంది. కొత్త ప్లగ్ వేశాక 1000/1000 అయింది. కొన్ని ఓఎన్‌టీలలో పోర్టులే 100కి పరిమితం, అప్పుడు తీగను తిట్టి లాభం లేదు. ఒక గిగాబిట్ స్విచ్ (కేబుళ్ళను ఒకచోట కలిపే చిన్న పెట్టె) కొని రెండు కంప్యూటర్లనీ దానికి, దాన్ని ఓఎన్‌టీకి కలిపితే సరిపోతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో ఇవన్నీ దొరుకుతాయి. కేబుల్ అడిగేటప్పుడు క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ, లోపల రాగి ఉన్నదే అడగండి. రాగి పూత వేసిన అల్యూమినియంది చవగ్గా ఇస్తారు, వద్దనండి.

స్విచ్ కూడా వద్దనుకుంటే రెండు కంప్యూటర్లనీ ఒకే కేబుల్‌తో నేరుగా కలపొచ్చు. ఒకప్పుడు దీనికి క్రాస్ కేబుల్ అని వేరేది కావాల్సి వచ్చేది, గిగాబిట్ పోర్టులకి ఆ పట్టింపు లేదు. ఒకదానికి 192.168.50.1, ఇంకోదానికి 192.168.50.2 అని చేత్తో పెట్టి, రెండింట్లోనూ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఇస్తే చాలు. గేట్‌వే గడి ఖాళీగా వదిలేయండి, అప్పుడు వైఫై మీద వచ్చే నెట్‌కి ఆటంకం ఉండదు.

నెట్ పోయినా నడిచేది

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది నగరంలో స్తంభాల మీది ఇంటర్నెట్ కేబుళ్ళను పెద్ద ఎత్తున తొలగించారు, చాలా ఇళ్ళకి నెట్ పోయింది. వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్ళు ఫోన్ హాట్‌స్పాట్‌ల మీద పడ్డారు. ఆ రోజుల్లో కూడా, రౌటర్‌కి కరెంటు ఉన్న ప్రతి ఇంట్లో లోపలి నెట్‌వర్క్ యథాతథంగా పనిచేస్తూనే ఉంది. నో ఇంటర్నెట్ అని చూపిస్తున్నప్పుడు కూడా జెడ్ డ్రైవ్ తెరుచుకుంటుంది, పక్క గదిలోని ప్రింటర్ ప్రింట్ తీస్తుంది. బయటి దారితో దానికి పని లేదు మరి. కరెంటు పోయే కాలనీల్లో రౌటర్‌కి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోవడం అందుకే వృథా ఖర్చు కాదు.

ఎప్పుడో నెలకోసారి నాలుగు ఫైళ్ళు పంపుకునేవాళ్ళకి ఇంత తతంగం అక్కర్లేదు. లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నింటికీ దొరుకుతుంది. రెండు వైపులా తెరిస్తే ఒకటికొకటి కనిపిస్తాయి, ఫైలు ఇంట్లోంచి ఇంట్లోకే వెళ్తుంది. ఖాతా, పాస్‌వర్డ్ గొడవ లేదు. రోజూ అదే ఫోల్డర్ మీద ఇద్దరూ పని చేయాల్సి వస్తే మాత్రం షేర్ చేసిన ఫోల్డరే కావాలి. అప్పుడు కూడా ఒకరు తెరిచిన ఎక్సెల్ ఫైలు రెండోవారికి చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు. అది లోపం కాదు, ఒకరి మార్పులను ఇంకొకరు చెరిపేయకుండా వేసిన తాళం.

జాగ్రత్త పడాల్సినవి

పాత కంప్యూటర్ కనిపించడం లేదంటే ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ని ఆన్ చేయమని కొందరు చెప్తారు. చేయకండి. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) ప్రపంచాన్ని వణికించింది ఆ పాత వెర్షన్‌లోని లొసుగు మీదుగానే. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మందు విడుదల చేసింది, వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు చిక్కుకున్నాయి. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఎస్‌ఎంబీ1ని మామూలుగా పెట్టడమే మానేశారు. ఎక్స్‌పీ కాలం నాటి కంప్యూటర్‌లో ఏవైనా ఫైళ్ళుంటే, దాని హార్డ్‌డిస్క్ తీసి యూఎస్‌బీ కేస్‌లో పెట్టి ఒకసారి కాపీ చేసుకోవడం ఉత్తమం. విండోస్ 10కి కూడా మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని గుర్తుంచుకోండి.

ఇంకొకటి, జెడ్ డ్రైవ్‌కి రాసే హక్కు ఉన్న ల్యాప్‌టాప్‌లో రాన్సమ్‌వేర్ పడితే అది డెస్క్‌టాప్‌లోని ఆ ఫోల్డర్‌ని కూడా తాళం వేసేస్తుంది. దాని దృష్టిలో అది ఇంకో డ్రైవ్ అంతే. కాబట్టి షేర్ చేసిన ఫోల్డర్‌ని బ్యాకప్ అనుకోకండి, కాపీ అయ్యాక పీకేసి బీరువాలో పెట్టే హార్డ్‌డిస్క్ ఒకటి వేరేగా ఉండాలి.

ఇంట్లో ఇంత బాగా పనిచేస్తున్నాక, గచ్చిబౌలి ఆఫీసు నుంచి కూడా ఇంటి ఫోల్డర్ తెరవాలనిపిస్తుంది. అందుకోసం రౌటర్‌లో 445 పోర్టు (ఎస్‌ఎంబీ వాడే తలుపు నంబరు) బయటికి తెరవొద్దు. ఇంటర్నెట్‌లో ఆ పోర్టు కోసం రాత్రింబగళ్ళు వెతికే ప్రోగ్రాములున్నాయి. తెరిచినా చాలా ఇళ్ళకి పనిచేయదు కూడా. మన రౌటర్‌కి వచ్చేది అసలు పబ్లిక్ చిరునామా కాకపోవచ్చు. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 లోపల ఉంటే, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ తన దగ్గర ఇంకో నాట్ పెట్టి ఒకే చిరునామాను చాలా ఇళ్ళకి పంచుతోందని అర్థం. అలాంటి కనెక్షన్‌లో కూడా టెయిల్‌స్కేల్ లాంటి ప్రోగ్రాములు పనిచేస్తాయి. ఇంటి కంప్యూటర్‌లోనూ, ఆఫీసుకి తీసుకెళ్ళే మీ సొంత ల్యాప్‌టాప్‌లోనూ అది వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే రెండింటి మధ్య గుప్తమైన దారి ఏర్పడుతుంది, ఇంట్లో వాడిన లోకల్ ఖాతా పాస్‌వర్డే అక్కడా పనిచేస్తుంది. నంబర్ మాత్రం 192.168 ది కాకుండా టెయిల్‌స్కేల్ ఇచ్చినది కొట్టాలి. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో మాత్రం ఐటీ వాళ్ళని అడగకుండా దీన్ని వేయకండి.